నీళ్లు తగ్గినప్పుడు సోమశిల

మంచుకొండల నడుమ ఉండే సరస్సుల్ని చూడాలని నేనూ మా చెల్లెలు సుజాతా ఎన్నో వేసవులు అనుకున్నాం. నడిచి కొన్ని, పడవలో కొన్ని. రాత్రి అన్నాలయ్యాక ఫోన్లో ఆ సరస్సుల బొమ్మలు చూసుకుంటూ, ఎవరికి ఏ రంగు చలికోటు కొనాలో కూడా మాట్లాడుకునేవాళ్లం. ఈ ఏడు ఎట్లాగైనా వెళ్దామనుకున్న సమయానికి సుజాతకు పెళ్లి కుదిరింది. నలభై దాటాక కుదిరిన పెళ్లి. అతను రాయచూరులో మందుల దుకాణం నడుపుతాడు. మొదటి భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. నేనే ముందు నిలబడి చేశాను. సంతోషంగానే చేశాను.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. అమ్మానాన్నలు పోయాక అందులో మేమిద్దరమే ఉన్నాం. నేను ఇటిక్యాల మండలంలో ఒక బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. అందులో పెద్ద కథేమీ లేదు, జరగలేదు అంతే. సుజాత వెళ్లాక పావుకిలో బెండకాయలు తెస్తే సగం ముదిరి పారేయాల్సి వస్తోంది. వేసవి సెలవులు వచ్చాయి. బడి ఉన్నప్పుడు తెలియని నిశ్శబ్దం సెలవుల్లో ఇంటి నిండా పరుచుకుంది.

ఒక ఉదయం, కొండల మధ్య నీళ్లే కదా కావాల్సింది, అంత దూరం ఎందుకు అనిపించింది. మా కృష్ణే నల్లమల కొండల్లోకి వెళ్లి, శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచి, సోమశిల దగ్గర పెద్ద సరస్సు అవుతుంది. వానాకాలంలో అంతా ఒకే నీరు. ఎండాకాలంలో తగ్గి, కొండల సందుల్లో వేర్వేరు మడుగుల్లా కనిపిస్తుందని విన్నాను. చేతిసంచిలో నీళ్ల సీసా, తువ్వాలు పెట్టుకుని బయల్దేరాను. బడికి పోవడం తప్పిస్తే, నా బతుకులో ఒంటరిగా చేసిన మొదటి ప్రయాణం అది.

వనపర్తి

తెల్లవారుజాము బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి, "ఒక్కటేనా మేడం?" అని అడిగాడు. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం కదా, సున్నా టికెట్టే కొట్టివ్వాలి. "ఒక్కటే" అన్నాను. ఊరు వెళ్లేటప్పుడు అంతకు ముందెప్పుడూ ఆ మాట అనలేదు. ఎప్పుడూ "రెండు" అనేదాన్ని.

గద్వాలలో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. వనపర్తి బస్టాండు ఎదుట హోటల్లో అలవాటు కొద్దీ అదే అడిగాను. హోటలాయన గంటె పట్టుకునే, "గది మీ దిక్కు తింటరమ్మా. మా తాన పూరీ ఉన్నది, తింటవా?" అన్నాడు. తిన్నాను. ఆలుగడ్డ కూరలో ఉప్పు ఎక్కువ. ఆ సంగతి చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. బాగోలేని తిండిని తిట్టుకుంటూ తినడం కూడా ఇద్దరు ఉంటేనే కుదిరే పని.

కొల్లాపూర్

ఇక్కడ బస్టాండు దాకా మామిడిపండ్ల వాసన వస్తుంది. గంపల ముందు కూర్చున్న ఆమె ఒక పండు కోసి చేతిలో పెట్టి, రుచి చూశాకే బేరమాడమంది. మా ఊళ్లో పండును ముట్టుకుంటేనే కసురుతారు. అరకిలో ఇమ్మంటే, కిలోకు తక్కువ ఇవ్వనంది. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, "ఇంట్ల ఎంతమందున్నరు?" అంది. జవాబు చెప్పకుండా కిలో తీసుకున్నాను.

అక్కడే సుజాత ఫోన్ చేసింది.

"యాడున్నవక్కా? బస్సుల చప్పుడొస్తుంది."

"సోమశిల పోతున్న."

"ఎవరితోని?"

"మా స్టాఫు తోని" అన్నాను. నాలుగడుగుల దూరంలో కుక్క తప్ప నా పక్కన ఎవరూ లేరు. అబద్ధం ఎందుకు చెప్పానో అప్పుడు ఆలోచించలేదు. ఒక్కదాన్నే అంటే అది రాయచూరులో అన్నం ముందు కూర్చుని ఏడుస్తుందేమోనని భయపడి ఉంటాను.

సోమశిల రేవు

ఆటో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. మెట్ల కింద నీళ్లు నీలంగా ఉన్నాయి. వాటి వెనక కొండలు ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తున్నట్టున్నాయి. మంచు లేదు, చలి లేదు. అయినా నేను ఫోన్లో చూసిన బొమ్మలకు ఇది దూరపు చుట్టమేమో అనిపించింది.

పెద్ద లాంచీ మనుషులు నిండితే గాని కదలదు. రేవులో ఒక్క కుటుంబమే ఉంది. తిమ్మాజిపేట నుంచి వ్యాను మాట్లాడుకుని వచ్చినవాళ్లు. స్టీలు క్యారియర్లు, చాపలు, ఏడ్చే పసిబిడ్డ, అందరి మీదా అరుస్తున్న ఒక పెద్దాయన. నా చేతికి ఫోన్ ఇచ్చి, "మేడం, జర మా అందరిది ఒక ఫోటో దియ్యరా" అన్నారు. తీశాను. తర్వాత ఆడవాళ్లది, తర్వాత అన్నదమ్ములది, తర్వాత కొత్త దంపతులది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు దారిలో దొరికే ఉద్యోగం ఇదేనని ఆ రోజు తెలిసింది.

చివరికి లాంచీ అతను వచ్చి, వాళ్లే మొత్తం మాట్లాడుకున్నారని చెప్పాడు. "ఇంకో గుంపొస్తే మిమ్ముల ఎక్కిస్త మేడం. ఒక్కరి కోసమంటే డీజిల్ గూడ ఎల్లదు." పెద్దాయన నన్ను చూసి ఏదో అనబోయాడు. ఈలోపు పసిబిడ్డ కక్కుకుంది. అందరూ అటు తిరిగారు. లాంచీ కదిలింది. పాటలు పెట్టుకుని వెళ్తున్న ఆ లాంచీని చూస్తూ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. తిరిగి వెళ్లిపోదామనే అనుకున్నాను. అయితే అప్పుడే బయల్దేరి ఇంటికి చేరితే సాయంత్రం ఇంకా మిగిలే ఉంటుంది. ఆ సాయంత్రం తలచుకుని, లేచి ఒడ్డు వెంట నడక మొదలుపెట్టాను.

ఒడ్డు వెంట

నీళ్లు తగ్గిన మేర కొండ కాళ్లు బోసిగా ఉన్నాయి. పైన తుమ్మలు, దొండ తీగలు. కింద నీరు ఎక్కడెక్కడ ఆగిందో చెప్పే చారలు, ఎండిన గుల్లలు. ఒక మూల తిరిగితే చిన్న మడుగు, ఇంకో మూల తిరిగితే ఇంకొకటి. కొంగలు తప్ప మనిషి అలికిడి లేదు. ఒకచోట గట్టిగా "సుజాతా" అని పిలిచి చూశాను. కొండ తిరిగి పలకలేదు.

మూడో మడుగు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. ఒకామె గుండ్రటి పుట్టి పడవలో నిలబడి వల సర్దుతోంది. నల్లగా, బలంగా, చీర మోకాళ్ల పైకి దోపి ఉంది. ఆమె అప్పలమ్మ. శ్రీకాకుళం దిక్కు సముద్రం ఒడ్డు నుంచి ప్రతి ఏడూ భర్తతో వచ్చి, ఇక్కడ డేరా వేసుకుని చేపలు పడుతుంది. ఒడ్డున కూర్చున్న రెండో ఆమెకు అరవై దాటి ఉంటాయి. తెల్ల చుక్కల చీర, మెడలో నల్ల దారానికి చిన్న శిలువ. పేరు ఎస్తేరమ్మ. కొల్లాపూర్ దగ్గర ముంపు కాలనీలో ఉంటుంది. అప్పలమ్మ దగ్గర చేపలు కొని ఊళ్లల్లో అమ్ముతుంది.

"ఏటమ్మా, దారి తప్పీసినావా?" అని అప్పలమ్మ అరిచింది.

బడిలో టీచర్నని, ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పాను. ఎస్తేరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది.

"యాడికెళ్లి వచ్చినవ్?"

"గద్వాల నుంచి."

"చీరెల గద్వాల. నీతోని ఎవ్వరు రాలే?"

"రాలే."

"నాతోని గూడ ఎవ్వరు రాలే" అని ఆమె లేచి చీర దులుపుకుంది. "మా ఊరు జూడ పోతున్న. ఊరంటే ఊరు లేదు. నీళ్లు దిగినంక రాళ్లు తేలుతయి. వస్తవా?"

అప్పలమ్మ పుట్టిని ఒడ్డుకు లాగి, "రాయే, ముగ్గుర్ని మోస్తాది. గాలి రాకముందే ఎల్లొచ్చీయాల" అంది.

పుట్టిలో

పుట్టి ఎక్కడం తెలియక ఒకసారి మోకాలి దాకా నీళ్లలో పడ్డాను. అది తిన్నగా పోదు. తెడ్డు వేసిన కొద్దీ తిరుగుతూ పోతుంది. నా కళ్ల ముందు కొండలు కూడా నెమ్మదిగా తిరుగుతున్నాయి. నీటి మీద వేడి తగ్గింది. నేను తెచ్చిన మామిడిపండ్లు ముగ్గురం తిన్నాం. తొక్కలు నీళ్లలో వేయబోతే ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, వాటిని తన సంచిలో వేసుకుంది.

ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు కూడా లేవట. ఊరు ఖాళీ చేశాక భూమి లేదు, పని లేదు. మేస్త్రీ వెంట మొగుడూ పెండ్లామూ వలస పోయారు.

"ఏం పనికి పోయిండ్రు?" అన్నాను.

"డ్యాముల పనికే" అంది. "మహారాష్ట్రల చేసినం, గుజరాతుల చేసినం. మట్టి మోసినం, రాయి మోసినం. గాడ గూడ నీళ్లొస్తయని ఊర్లు లేపిండ్రు. ఒగనాడు మా గుడిసెల ముంగటికెళ్లి బండ్ల మీద సామాన్లేసుకోని పోతుండ్రు. వాళ్లను జూడలేక మేం మొఖాలు తిప్పుకున్నం."

మొగుడు పోయి చాలాకాలమైందని, కొడుకులు హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల పనిలో ఉన్నారని తర్వాత చెప్పింది. ఇక్కడికి వాళ్లు రారు. ఆమె మొదటి బిడ్డ ఆ మునిగిన ఊళ్లోనే జ్వరంతో పోయింది. ఊరు ఖాళీ అయ్యే ముందటి ఎండాకాలం.

"ఎప్పుడో పోయిన పసిపిల్లకు గిప్పుడేంది అంటరు నా కొడుకులు. నిజమే, వాళ్లు జూడలే గద. నేను జూసిన."

లేని వీధుల్లో

పుట్టి ఆగిన చోట బూడిదరంగు ఒండ్రు పలకలు పలకలుగా పగిలి ఉంది. అందులో అక్కడక్కడ రాళ్ల వరసలు. మోకాలెత్తు గోడలు, ఒక రోలు, నరికిన వేపచెట్టు మొదలు. అంతే. అది ఊరని చెబితే తప్ప తెలియదు.

ఎస్తేరమ్మ మాత్రం ఊళ్లో నడిచినట్టే నడిచింది. కొంత దూరం తిన్నగా, తర్వాత ఏమీ లేని చోట కుడికి తిరిగి, మళ్లీ ఎడమకు. నేను దగ్గరి దారి అనుకుని రాళ్లు దాటి అడ్డంగా వెళ్లబోయాను.

"గట్ల గాదు టీచరమ్మ, గది వాళ్ల ఇల్లు" అంది. "గిట్ల రా. గిది గేరి."

గేరి అంటే మా వైపు వీధి. నేను వెనక్కి వచ్చి ఆ కనిపించని వీధిలో ఆమె వెనక నడిచాను. ఎవరి ఇల్లు ఏదో చెబుతూ పోయింది. ఎవరి గడప ముందు జాజి తీగ ఉండేదో, ఎవరి కుక్క కరిచేదో కూడా. కరిచే కుక్క ఇంటి ముందు ఆమె కొంచెం ఎడంగా నడవడం చూశాను.

ఊరి చివర ప్రార్థన గుడి పునాది ఉంది. దాని వెనకే పిల్లల్ని పూడ్చిన చోటు. ఆ చోటు ఇంకా నీళ్లలోనే ఉంది. ఎస్తేరమ్మ పునాది మూల రాయి మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఈ ఏడన్న బయట పడుతదనుకున్న" అంది.

అప్పలమ్మ ఆమెకు వారం వారం నీటి మట్టం సంగతి చెబుతూ వచ్చిందట. "ఇంకో నాలుగు దినాలు ఆగితే దిగీసీదేమో" అని ఇప్పుడు మెల్లగా అంది. ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపింది. ఎగువన వానలు మొదలయ్యాయని, ఇక దిగేది లేదని ఆమెకు తెలుసు. సంచి రాయి మీద పెట్టి, ఎదుటి కొండ గండిని గురి చూసుకుంటూ నీళ్లలోకి దిగింది. నడుము లోతులో ఒకచోట ఆగింది. రెండు అరచేతులూ నీటి మీద ఆనించి, తల వంచుకుని అట్లాగే ఉండిపోయింది.

అప్పలమ్మ పుట్టి దగ్గరికి వెళ్లింది. నేను పునాది మీద కూర్చున్నాను. కాసేపటికి ఎస్తేరమ్మ భుజాలు కదలడం చూసి ఉండలేకపోయాను. చేతిసంచి పునాది మీదే వదిలి, ఆమె దిగిన చోట కాకుండా పక్కనుంచి దిగాను. రెండు అడుగులు ఒండ్రు గట్టిపడిన పైపొర మీద పడ్డాయి. మూడో అడుగుకు కాలు తొడ దాకా దిగిపోయింది. దాన్ని లాగబోతే రెండోది దిగింది. కింద నేల లేదు. చల్లగా, మెత్తగా, ఏదో నోట్లో పెట్టుకుని మింగుతున్నట్టు ఉంది. కదిలిన కొద్దీ లోపలికి పోతున్నాను. బురద నడుము దాకా వచ్చింది. నేనిక్కడ ఉన్నానని లోకంలో ఎవరికీ తెలియదన్న ఆలోచన అప్పుడు వచ్చింది. సుజాత నేను స్టాఫుతో ఉన్నానని అనుకుంటోంది. గట్టిగా అరిచాను.

ఎస్తేరమ్మ తల తిప్పింది. నీళ్లను తోసుకుంటూ వచ్చింది. అప్పలమ్మ తెడ్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "తన్నుకోకు, ఎనక్కి వాలిపో, పడుకున్నట్టు" అని కేక వేసింది. ఎస్తేరమ్మ తన చీర కొంగు విప్పి నా చంకల కింద నుంచి చుట్టింది. ఒకరు తెడ్డు అడ్డం వేసి, ఒకరు చీర పట్టి లాగారు. చాలాసేపు పట్టింది. కాళ్లు బయటికి వచ్చినప్పుడు పెద్ద చప్పుడైంది. చెప్పులు రాలేదు.

నేను రాళ్ల మీద పడుకుని వణుకుతున్నాను. ఎస్తేరమ్మ నన్ను నీటి అంచుకు నడిపించి కూర్చోబెట్టింది. దోసిళ్లతో నీళ్లు పోసి నా కాళ్లు కడిగింది. వేళ్ల సందుల్లో, మడమల వెనక, పసిపిల్లకు కడిగినట్టు. వద్దంటున్నా వినలేదు. ఆమె కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"నిన్ను మధ్యల పిలిచిన" అన్నాను.

"పిలవకుంటే ఎట్ల" అంది.

ఆ తర్వాత బిడ్డ పేరేమిటని అడిగాను.

"పెట్టలే ఇంక. బాప్తిస్మమప్పుడు పెడదామనుకున్నం. అప్పుడప్పుడే కూసునేది నేర్చింది." ఆమె నా రెండో కాలు తీసుకుంది. "రూతు అనుకున్నం."

డేరా దగ్గర

తిరుగుదారిలో గాలి వచ్చింది. పుట్టి బొంగరంలా తిరిగి, నీళ్లు లోపలికి చిమ్మాయి. నేనూ ఎస్తేరమ్మా గిన్నెలతో తోడి పోశాం. అప్పలమ్మ ఎవరినో తిడుతూ తెడ్డు వేసి, రేవుకు కాక తన డేరా ఉన్న దిబ్బకు చేర్చింది. గాలి తగ్గేదాకా అక్కడే ఉన్నాం.

నీలం పట్టా కింద రాళ్ల పొయ్యి మీద ఆమె చేపల పులుసు పెట్టింది. మేం చింతపండు పోసి, వేయించిన కొబ్బరి నూరి వేస్తాం. ఆమె పచ్చిమామిడి ముక్కలు వేసి, పైన పచ్చి నూనె చుక్క వేసింది. వేడన్నంలో ఆ పులుసు కలుపుకుని తింటుంటే వణుకు తగ్గింది. మా ఊళ్లో కొత్తవాళ్లకు ముందు పెట్టి తర్వాత ఇంటివాళ్లు తింటారు. ఇక్కడ ఆమె భర్త వచ్చి తన గిన్నె తాను పెట్టుకుని మా పక్కనే కూర్చున్నాడు.

"ఇక్కడ బాగుందా?" అని అప్పలమ్మను అడిగాను.

"బాగుండడానికేటి, సేపలున్నాయి. అల సప్పుడు నేని నీరేటమ్మా, నిద్దరట్టదు" అంది. పిల్లలిద్దరూ ఊళ్లో తన తల్లి దగ్గర ఉన్నారట. ఫోన్ సిగ్నల్ కోసం కొండ ఎక్కాలి. "ఒకోపాలి ఎక్కాక ఆళ్లు పడుకుండిపోయుంటారు. మల్లీ దిగీసొస్తాను."

పొద్దు వాలుతుండగా గాలి తగ్గింది. సోమశిల రేవులో దిగేసరికి తిమ్మాజిపేట వాళ్లు వెళ్లిపోయారు. మెట్ల మీద వాళ్ల విస్తరాకులు ఎగురుతున్నాయి. కొల్లాపూర్‌లో రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను. ఎస్తేరమ్మ తన కాలనీ ఆటో ఎక్కే ముందు నా ఫోన్ తీసుకుని, కళ్లకు దూరంగా పట్టుకుని, తన నంబరు తానే నొక్కింది.

బస్సులో సుజాతకు ఫోన్ చేశాను.

"స్టాఫు ఎవరూ రాలే. ఒక్కదాన్నే పోయిన" అన్నాను.

"తెలుసు" అంది. "మీ హెడ్ మేడం పొద్దున్నే స్టేటసుల తిరుపతి ఫోటోలు పెట్టింది. మీ స్టాఫు సగం ఆడనే ఉన్నరు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తవని" అంది. బస్సు వనపర్తి చేరేదాకా ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

గద్వాల, వానలు పడ్డాక

బడులు తెరిచారు. జూలై గడుస్తుండగా పైన కర్ణాటకలో వానలు ముదిరి, కృష్ణ మీద మా జూరాల ఆనకట్ట గేట్లు ఎత్తారు. ప్రతి ఏడూ గద్వాల జనం చూడ్డానికి వెళ్తారు. మక్కకంకులు కాల్చి అమ్మేవాళ్లు, సెల్ఫీలు తీసుకునేవాళ్లు. నేనూ బడి అయ్యాక వెళ్లాను. గేట్ల కింద నీరు తెల్లగా విరిగి, కొంచెం దూరం పోయాక ఎర్రగా మారి, తూర్పుకు పరుగెడుతోంది. ఆ నీరు ఎక్కడికి పోతుందో ఇన్నేళ్లు పిల్లలకు పటం మీద కర్ర పెట్టి చూపించాను. ఇప్పుడు నా ఒంటికి తెలుసు.

ఎస్తేరమ్మకు ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, నేను గద్వాల టీచర్ని. మా దగ్గర నీళ్లు ఇడిచిండ్రు."

"చానా ఇడిచిండ్రా?"

"చానా. పొంగుకుంట పోతున్నయ్."

"రంగెట్లున్నది?"

"ఎర్రగ."

"ఎర్ర నీళ్లయితే ఒండు తెస్తయి" అంది. "మీద పొర కప్పుతది. కప్పనీ. ఊరు ఇన్ని దినాలు ఎండకున్నది, సల్లగయితది." తర్వాత, "చప్పుడు ఇనొస్తదా గాడ?" అని అడిగింది.

"వస్తది."

"జర ఇనిపియ్యి."

నేను కటకటాల దగ్గరికి వెళ్లి, ఫోన్ పట్టుకున్న చెయ్యి నీటి మీదికి చాపాను. తుంపర వచ్చి చెయ్యంతా తడిసింది. పక్కన మక్కకంకి తింటున్న ఒకతను నన్ను వింతగా చూశాడు. చెయ్యి నొప్పి పుట్టాక ఫోన్ చెవికి పెట్టుకున్నాను. అవతల ఊపిరి మాత్రమే వినిపించింది.

"ఇంకొంచెం సేపు" అంది ఎస్తేరమ్మ.

మళ్లీ చెయ్యి చాపాను.